రస్కుల లారీ ఎక్కడ పండుకుంది

లారీ డ్రైవరు రాత్రికి బండి ఎక్కడ ఆపుతాడన్న సంగతి మీద అబిడ్స్ హోటళ్లలో కూర్చుని తీర్పు చెప్పేవాళ్లకు కొదవ లేదు. మా చాయ్ టేబుల్ దగ్గర బషీర్‌బాగ్ ఆఫీసులో పెద్ద కొలువు చేసి దిగిన మనిషి ఒకాయన ఉన్నాడు. "మందు దొరికే చోట ఆపుతారు, ఇంకెక్కడ ఆపుతారు?" అన్నాడు. రోజూ రెండు పేపర్లు చదివే మనిషి! నేను సగం చాయ్ వదిలేసి లేచి వచ్చాను. ఆ ఉడుకుమోత్తనం ఇంకా తగ్గలేదు కాబట్టి, ఆ రోడ్డు మీద బస్సులో నిద్రపోయిన అనుభవమే తప్ప లారీ ఎక్కని మీ అందరి కోసం ఇది రాస్తున్నాను.

నేను బడికి పోయింది నాలుగో తరగతి దాకా. మిగతా చదువంతా ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పల్లో ఏరుకున్నది. అన్నం పెట్టింది మాత్రం గౌలిగూడ. అక్కడ ఒక లారీ ఆఫీసులో బుకింగ్ గుమాస్తాగా మీసం రాకముందు చేరి, మీసం తెల్లబడ్డాక దిగాను. సూర్యాపేట, ఏలూరు, తుని, అనకాపల్లి అని రసీదుల మీద ఎన్నివేల సార్లు రాశానో. ఆ ఊళ్ల పేర్లన్నీ నాకు చుట్టాలే. మొహాలు మాత్రం ఒక్కదానివీ చూడలేదు. లారీకి మాల్ ఎక్కించడమే తప్ప, లారీలో నేను ఎక్కింది లేదు.

ఈ వయసులో ఎక్కానంటే దానికి కారణం మా చెల్లెలి బిడ్డ రూతు. ఆమె పెనిమిటి సామ్యేలు మెదక్ పిలగాడు. నేను పనిచేసిన సేటు దగ్గరే ఇప్పుడు డ్రైవరు. సేటు మంచం పట్టాక గల్లా మీద కొడుకు కూర్చున్నాడు. మేం చిన్నసేటు అంటాం. రాత్రి ఏ యార్డులో ఆగాలో చిన్నసేటు ఫోన్లోనే పెట్టి పంపుతాడు. కెమెరాలు, కాపలావాళ్లు, ప్రహరీగోడ ఉన్న యార్డులు. అక్కడ కాక వేరేచోట రాత్రి ఆగితే డ్రైవరు పేరు పక్కన ఎర్రగీత. మూడు గీతలు పడితే తాళంచెవి టేబుల్ మీద పెట్టి ఇంటికి పోవాలి. సామ్యేలుకు అప్పటికే రెండు పడ్డాయి.

"మామా, జర నువ్వు ఎంబడి పోయి చూడు. గాయన రాత్రిళ్లు యాడ ఆగుతుండో, ఎందుకు ఆగుతుండో నాకు సక్కగ చెప్పడు. ఇంకో గీత పడ్డదంటే బండి పాయె. ఇంత మంచి బండి మళ్ల ఎవలిస్తరు?" అని రూతు మా ఇంటికొచ్చి కూర్చుంది.

నేను చిన్నసేటును అడిగాను. నవ్వాడు. "పో తాతా, క్లీనర్ సీటు ఖాళీగనే ఉంటది. నీ అల్లుని కత నువ్వే చూసి చెప్పు" అన్నాడు. సాక్షిగా వెళ్లానన్నమాట.

నాంపల్లి గల్లీలోంచి

మా గల్లీ చివరన బేకరీ ఉంది. వేకువజామున దాని పొయ్యి వాసనతో లేచిన పిల్లలే ఇప్పుడు తాతలయ్యారు. విశాఖపట్నంలో మా నాంపల్లి రస్కులు అడిగి కొనుక్కుంటారని విన్నప్పుడల్లా, ఏదో నేనే కాల్చినట్టు ఛాతీ ఒక అంగుళం లేస్తుంది. ఆ రోజు బండినిండా అవే. అట్టపెట్టెలు పైదాకా పేర్చి, టార్పాలిన్ కప్పి, తాళ్లు బిగించారు.

రస్కు సంగతి ఒకటి చెప్పాలి. రెండుసార్లు కాల్చి తడి మొత్తం తీసేసిన రొట్టె అది. ఆ తడి పోయిన జాగాలో గాలిలో ఉన్నదేదో వచ్చి కూర్చుంటుంది. పక్కన సబ్బులు పెడితే సబ్బు వాసన, కిరసనాయిలు పెడితే కిరసనాయిలు. నేను బుకింగులో ఉన్నప్పుడు రస్కుల పెట్టెల పక్కన అగరువత్తుల మూట పెట్టిన హమాలీతో ఎంత కొట్లాడానో గౌలిగూడలో ముసలివాళ్లకు ఇంకా గుర్తే.

బండి ముందు నిమ్మకాయ, మిరపకాయలు కట్టి ఉన్నాయి. లోపల అద్దం మీద చిన్న సిలువ.

"ఇదేంది అల్లుడా, రెండూనా?" అన్నాను.

"నిమ్మకాయ సేటుది, సిలువ నాది. బండి ఇద్దరిదీ గదా మామా" అన్నాడు సామ్యేలు. ప్రార్థన చేసుకుని బయలుదేరాం. తెల్లవారేలోపు ఊరు దాటాలి, లేకపోతే పోలీసులు లారీని కదలనివ్వరు.

సూర్యాపేటలో అన్నం

చౌటుప్పల్ దగ్గర చాయ్ తాగాం. పదిహేను రూపాయలు. చాయ్ అని రాసి ఉంది కాబట్టి చాయ్ అంటున్నాను. మా అబిడ్స్‌లో అది గిన్నె కడిగిన నీళ్ల కింద లెక్క.

సూర్యాపేటలో ఒక ధాబాలో అన్నం తిన్నాం. పచ్చిపులుసు, పప్పు, కోడిగుడ్డు పొరటు. అక్కడ సామ్యేలు నోరు విప్పాడు.

"ఆ రెండు గీతల కత చెప్తా మామా. మొదటిది వానలకు పడ్డది. యార్డుల మోకాలు లోతు నీళ్లు. కరెంటు పోయి కెమెరాలు గిట్ల బందైనయ్. గాడ ఆపితే మాల్ ఏమైతది?"

"మరి రెండోది?"

కాసేపు ఎంగిలి చెయ్యి చూసుకున్నాడు. "రెండోది నా తిండి యావ. తుని దగ్గర ఒకావిడ చేపల పులుసు పెడ్తది. గదానికోసమే ఆగిన. అబద్ధమెందుకు."

నాకు కోపం రావాలి. నవ్వొచ్చింది. తిండి యావ లేని మనిషిని నేను నమ్మను. అయినా గట్టిగానే చెప్పాను: "ఇగో, ఈసారి నోరు కట్టుకో. చెప్పిన యార్డులో ఆపు. రూతు మొహం చూసి అయినా ఆపు."

"ఔ మామా. ఆపుతా."

ఆ మాట మనసులో పెట్టుకోండి. నిజంగానే ఆపాలనుకున్నాడు.

నేను రసీదుల మీద రాసిన ఊళ్లు ఒక్కొక్కటే ఎదురొస్తున్నాయి. కోదాడ, నందిగామ. కిటికీలోంచి తల పెట్టి చూస్తుంటే, చిన్నప్పటి నుంచి ఉత్తరాల్లోనే తెలిసిన మేనత్తలను మొదటిసారి చూసినట్టుంది. నందిగామ దగ్గర రోడ్డు పక్కన ఎండబోసిన మిరపకాయలు. తుమ్ము మీద తుమ్ము. సామ్యేలు అద్దాలు ఎక్కించి బండిని ఉరికించాడు. "మనం తుమ్మితే ఫికర్ లేదు మామా, రస్కులు తుమ్మొద్దు" అన్నాడు.

జాబితాలో ఉన్న యార్డు

విజయవాడ దాటి ఏలూరు దగ్గరికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఫోన్లో చెప్పిన యార్డు దొరికింది. చూస్తే నాకే ముచ్చటేసింది. ఎత్తైన గోడ, సిమెంటు నేల, నాలుగు మూలలా దీపాలు, స్నానాల గదులు. మా కాలంలో డ్రైవర్లు గౌలిగూడలో బండి కిందనే గోనెసంచి పరుచుకుని పండుకునేవాళ్లు. అది తలుచుకుని, బాగుపడ్డారు బిడ్డలు అనుకున్నాను.

సామ్యేలు బండి దిగి నాలుగడుగులు వేశాడు. తల ఎత్తి ముక్కుతో గాలి పీల్చాడు. మళ్లీ నడిచాడు. నేను కూడా దిగాను, దిగగానే తెలిసింది. యార్డు సగం చేపల లారీలు. కొల్లేరు దిక్కు నుంచి వచ్చినవి. పెట్టెల కింది నుంచి మంచునీళ్లు ధారలు కట్టి సిమెంటు మీద పారుతున్నాయి. గాలి అటునుంచే, సరిగ్గా మిగిలిన ఖాళీ మీదికే కొడుతోంది.

సామ్యేలు చిన్నసేటుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"బాబూ, ఈడంత చేపల బండ్లే ఉన్నయ్. మన మాల్ రస్కులు. పొద్దటివరకు కంపు పడ్తది."

"టార్పాలిన్ ఉంది గదా?"

"టార్పాలిన్ నీళ్లకు బాబూ. వాసనకు అడ్డమేంది?"

"సామ్యేల్, గీడ కూసోని నేను చేపలు చూడలేను. ఇన్సూరెన్సోళ్లు ఒప్పుకున్న యార్డు అది. బయట ఆపితే, దొంగలు పడితే, పైస రాదు. ఒక్కొక్క డ్రైవరు ఒక్కొక్క వాసన చెప్తే నేను నడపలేను. మూడో గీత పడ్డదంటే వచ్చి తాళంచెవి ఇయ్యి." ఫోన్ పెట్టేశాడు.

చిన్నసేటు చెడ్డవాడేం కాదు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. నాకు మండిందల్లా, గౌలిగూడలో ఫ్యాను కింద కూర్చుని ఏలూరు గాలి సంగతి తేల్చేయడం మీద.

కానీ నేనే అన్నాను, "ఆపెయ్ అల్లుడా. వాసన పడితే పడనీ. నువ్వు చెప్పినవు, వాళ్లు విన్లే. ఇగ నీ తప్పు లేదు."

సామ్యేలు నావైపు చూశాడు. "నా తప్పు లేదు మామా. గని మాల్ నా చేతిల ఉన్నది. అది చెడిపోయేది నా చేతిలనే గదా?"

నేను మళ్లీ రూతు పేరెత్తాను. ఆయన బండెక్కి ఇంజను స్టార్ట్ చేశాడు. నేనూ ఎక్కి క్లీనర్ సీట్లో కూర్చున్నాను. సాక్షిగా వచ్చినవాడు మధ్యలో దిగిపోతే ఎట్లా?

ఇటుక బండ్ల పక్కన

తర్వాత గంటసేపు మా ఇద్దరికీ కొట్లాటే. కనబడిన ప్రతిచోటా ఆపమని నేను, వద్దని ఆయన.

ఒకచోట రంగురంగుల దీపాలతో ధాబా, ముందు మైదానమంత జాగా. ఒకడు రోడ్డు మీదికొచ్చి తువ్వాలు ఊపి పిలుస్తున్నాడు. "ఇక్కడ?" అన్నాను.

"పొద్దుగూకినంక ఒక్క బండి లేదు, చూడు. వచ్చినోళ్లు ఒక్కసారి తిని మళ్ల రాలేదన్నట్టు."

ఇంకోచోట బండ్లు బాగానే ఉన్నాయి. కానీ రొయ్యల మేత వేసుకున్నవి. చేపల కంటే అది ఇంకా ఘాటు. మరోచోట పెట్రోలు బంకు. అక్కడ నేనే వద్దన్నాను, కిరసనాయిలు సంగతి నాకు తెలుసు కాబట్టి. సామ్యేలు మెచ్చుకోలుగా చూశాడు. ఇన్నేళ్ల గుమాస్తా కొలువు ఊరికే పోలేదు.

తాడేపల్లిగూడెం ఇంకా రాకముందు, చెట్ల సందున ఒక చిన్న ధాబా. ముందర ఐదారు ఇటుక లారీలు వరసగా ఆగి ఉన్నాయి. సామ్యేలు మొహం వెలిగింది.

"ఇటుకలకు వాసన ఉండదు. ఇటుకలు ఎత్తుకపోయే దొంగ ఉండడు. గా డ్రైవర్లు చూడు, బండి కాడనే మంచాలు ఏసుకున్నరు. మన బండి మీద గూడ కన్ను ఉంటది." రోడ్డువైపు మూతి పెట్టి, గాలికి ఎదురుగా, ఇటుక బండ్ల పక్కన కొసకు ఆపాడు.

ధాబా నడిపే ఆవిడ పేరు సత్యవతి. నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"ఏవండీ, మీ హైదరాబాదులో క్లీనర్లకి రిటైర్మెంటు ఉండదా?"

"క్లీనర్ గాదమ్మా, మా మామ. నన్ను పరీక్షించనీకి వచ్చిండు" అన్నాడు సామ్యేలు.

"అయితే ముందు ఆయనకే పెడతాను. పాసవ్వాలిగా నువ్వు!" అని ఆకు వేసింది. గోంగూర పచ్చడి, ముద్దపప్పు, ములక్కాడ పులుసు, అడగకుండానే నెయ్యి. నూట ఇరవై రూపాయలు. బకెట్ నీళ్లకు పైసలు తీసుకోలేదు. మా నాంపల్లి లాడ్జీల్లో అదే బకెట్‌కు వేరే బిల్లు రాస్తారు. గోంగూర విషయంలో మాత్రం మా ఊరు ఓడిపోయిందని ఒప్పుకుంటున్నాను. రస్కుల విషయంలో ఒప్పుకోను.

మందు వాసన కోసం కూడా ముక్కు పెట్టి చూశాను, బషీర్‌బాగ్ పెద్దమనిషి కోసం. ఇటుక డ్రైవర్లు మజ్జిగ తాగి, ఇళ్లకు ఫోన్లు చేసుకుని, దుప్పటి ముసుగేసుకున్నారు. సామ్యేలు క్యాబిన్లో, నేను నులకమంచం మీద పడుకున్నాం.

మెత్తని నేల

తెల్లవారి సామ్యేలు బండి తీయబోతే వెనక చక్రం అక్కడే గిర్రున తిరిగింది. దిగి చూస్తే జానెడు లోతు దిగిపోయి ఉంది. పక్క పొలంలోంచి ఊట. వాసన చూశాడు, గాలి చూశాడు, కింద నేల మాత్రం చూడలేదు మా వాడు!

ఇటుక బండి డ్రైవరు అప్పారావు పుల్లతో పళ్లు తోముకుంటూ వచ్చాడు. "ఏం గురూ, హైదరాబాదేనా? మీకు రాతి మీద ఆపుకునే అలవాటు. ఎక్కడ ఆపినా కింద బండరాయే. ఇది డెల్టా నేలండి బాబూ. సాయంత్రం నవ్వుద్ది, తెల్లారేసరికి మింగుద్ది."

నాకు తల కొట్టేసినట్టయింది. నిజమే. మా ఊళ్లో నేల కూలిందని వింటాం గానీ మింగిందని ఎన్నడూ వినలేదు. సామ్యేలు ఎర్రబడ్డ మొహంతో పార కోసం వెతుకుతుంటే, అప్పారావు తన బండి నుంచి పది ఇటుకలు దించి చక్రం కింద పెట్టాడు. మిగిలినవాళ్లు వెనక నుంచి తోశారు. నేనూ ఒక చెయ్యి వేశాను. అది బండిని కదిలించిందని అనుకోను. బండి రోడ్డెక్కింది. ఇటుకలు సగం పొడి అయ్యాయి.

పైసలిస్తామంటే అప్పారావు చెయ్యి అడ్డం పెట్టాడు. సామ్యేలు తన సంచిలోంచి సొంతానికి కొనుక్కున్న రస్కుల పొట్లం తీసిచ్చి, ఏలూరు యార్డు కత చెప్పాడు. అప్పారావు ఒకటి చాయ్‌లో ముంచి తిన్నాడు.

"దీని కోసమేనా చేపల బళ్లని చూసి పారిపోయొచ్చావు?"

"దీనికోసమే అన్నా."

ఇంకొకటి ముంచాడు. "పర్లేదు. పారిపోవచ్చు."

అప్పుడే సామ్యేలు ఫోన్ టింగుమంది. మూడో గీత పడింది. ఆయన చూసి, జేబులో పెట్టుకుని, బండెక్కాడు. గోదావరి బ్రిడ్జి వచ్చింది. అంత నీటిని ఒక్కచోట మొదటిసారి చూసిన ముసలాడిని నేను. మామూలుగా అయితే అరిచి చెప్పేవాణ్ణి. ఆ పూట కళ్లు నీళ్ల మీద, మనసు ఆ ఎర్రగీత మీద.

విశాఖలో

మధ్యాహ్నం తిరగ్గానే విశాఖపట్నం గోదాముకు చేరాం. సరుకు తీసుకునే ఆవిడ కళ్లద్దాలు నెత్తికి నెట్టి, లెక్కపెట్టడానికి ముందే ఒక పెట్టె చించి మొహం లోపల పెట్టింది. గట్టిగా పీల్చింది. ఇంకో పెట్టె, అడుగు వరస నుంచి ఒకటి. తర్వాత రస్కు విరిచి నోట్లో వేసుకుంది.

"రాత్రి ఎక్కడ ఆపారు?" అంది.

"తాడేపల్లిగూడెం అవతల, ఇటుక బండ్ల పక్కన" అన్నాడు సామ్యేలు.

"దింపండి" అంది హమాలీలతో.

ఒక్క మాట. దించమంది. నేను అవతలకు పోయి టార్పాలిన్ తాళ్లు చుడుతున్నట్టు నిలబడ్డాను. కళ్లు కొంచెం తడి అయ్యాయి, సముద్రపు గాలి అనుకోండి.

మళ్లీ గౌలిగూడ

తిరుగు దారిలో ఇనుప చువ్వలు వేసుకొచ్చాం. సామ్యేలు బండిని ఆ ఏలూరు యార్డులోనే, అవే చేపల లారీల పక్కన ఆపి, గురకపెట్టి నిద్రపోయాడు. నేనే ముక్కు మూసుకుని మెలకువగా ఉన్నాను.

గౌలిగూడ ఆఫీసులో చిన్నసేటు టేబుల్ ముందు సామ్యేలు తాళంచెవి పెట్టాడు. చెప్పులు విడిచి నిలబడ్డాడు. నేను ఊరుకుంటానా? కల్లాకపటం లేకుండా చూసిందంతా చెప్పాను, చక్రం దిగబడ్డ సంగతితో సహా. చిన్నసేటు మొత్తం విన్నాడు.

"తాతా, నువ్వు చెప్పింది నిజమే కావొచ్చు. వచ్చేటప్పుడు మరి గదే యార్డుల ఆపిండు గదా? అంటే ఆపొచ్చన్నట్టే గదా?"

"వచ్చేటప్పుడు ఇనుము బాబూ. ఇనుముకు ముక్కుంటదా?" అన్నాడు సామ్యేలు.

చిన్నసేటు మొహం మాడింది. రూలు రూలే అన్నాడు. బల్ల మీద కూర్చున్న ఖాజాను పిలిచాడు. ఖాజా ఆ ఆఫీసులో అందరికంటే పాత డ్రైవరు. నేను బుకింగులో ఉన్నప్పుడు కొత్తగా చేరినవాడు. "ఖాజాభాయ్, ఈ బండి నువ్వు తీస్కో. ఎల్లుండి విశాఖ."

ఖాజా లేచి వచ్చాడు. తాళంచెవిని చూశాడు, ముట్టుకోలేదు.

"మాల్ ఏంది బాబూ?"

"రస్కులే."

"అయితే నా పేరు పక్కన ఆ ఎర్రగీతేదో ఇప్పుడే గీసెయ్. మళ్ల ఏలూరు నుంచి నీకు ఫోన్ చేసుడు, నువ్వు తిట్టుడు, ఎందుకు తక్లీఫ్?"

బల్ల మీద ఉన్న మిగతా ఇద్దరు డ్రైవర్లు నవ్వలేదు. వాళ్లూ తాళంచెవి వైపే చూస్తున్నారు. ఇద్దరిలో ఒక్కడూ లేవలేదు. చిన్నసేటు ఒక్కొక్కరి మొహం చూశాడు. నా వయసంతా ఆ గదిలోనే గడిచింది గానీ, ఆ రోజు నిలబడినంత నిటారుగా అందులో ఎన్నడూ నిలబడలేదు.

చివరికి చిన్నసేటు వేలితో తాళంచెవిని సామ్యేలు వైపు నెట్టాడు. "సరే. మాల్‌ను బట్టి ఆపు. గని నాకు ముందే చెప్పాలె. ఎల్లుండి రాత్రికి ఎక్కడ ఆపుతవు?"

సామ్యేలు తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.

"ఇప్పుడే ఎట్ల చెప్తా బాబూ? గాలి ఏ దిక్కు నుంచి వస్తదో, గాడికి పోయినంక గదా తెలుస్తది."